నాన్నగారి నాడి లయ తప్పింది: ఆస్పిరిన్ చాలా, అపిక్సబాన్ కావాలా?

తెనాలి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి మందుల గురించి ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పడంతో ఇంట్లో అందరం ఆందోళన పడుతున్నాం. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

నాన్నగారికి 74 ఏళ్ళు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. బీపీ, షుగరు చాలాకాలంగా ఉన్నాయి, రెండూ మందులతో అదుపులో ఉన్నాయి. బరువు 58 కిలోలు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు ఈసీజీ తీస్తే గుండె లయ సరిగా లేదని తేలింది. గుంటూరులో గుండె డాక్టరు ఎకో తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు, కవాటాలు బాగానే ఉన్నాయన్నారు. రక్తం గడ్డకట్టకుండా చూసే అపిక్సబాన్ 5 మి.గ్రా. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి రాసి, ఇన్నేళ్ళుగా వేసుకుంటున్న ఆస్పిరిన్ 75 ఆపేయమన్నారు.

మా కుటుంబాన్ని ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న మా ఊరి డాక్టరుగారు ఆ చీటీ చూసి ఒప్పుకోలేదు. ఈ వయసులో అంత గట్టి మందు వద్దు, కాలు జారి పడితే మెదడులో రక్తస్రావం అవుతుంది, ఆస్పిరిన్ సరిపోతుంది అన్నారు. ఆయన మీద మాకు ఎంతో గౌరవం. నాన్నగారేమో నాకు నొప్పి లేదు, ఆయాసం లేదు, పొద్దున్నే నడిచి వస్తున్నాను, కొత్త మందు ఎందుకు అంటున్నారు. అమ్మ మాత్రం రెండు చీటీలూ పక్కపక్కనే పెట్టుకుని కూర్చుంటోంది. ఎవరి మాట వినాలి?

నెల్లూరు_ఫిజీషియన్:
అమ్మా, ముందుగా ఒక మాట. చీటీ రాసిన గుండె డాక్టరుతో మరోసారి మాట్లాడకుండా ఏ మందూ ఆపవద్దు, మొదలుపెట్టవద్దు. ఇక్కడ మేము చెప్పేది మీరు ఆయనను సరైన ప్రశ్నలు అడగడానికి పనికిరావాలి, అంతే.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పైగదులు, అంటే కర్ణికలు, ముడుచుకుని తెరుచుకునే బదులు వణుకుతుంటాయి. ఎడమ కర్ణికకు ఒక చిన్న సంచి లాంటి భాగం ఉంటుంది. గది సరిగా ముడుచుకోకపోతే అందులో రక్తం కదలక నిలబడిపోతుంది. పారే కాలువలో పట్టని పాచి నిలవ నీటిలో పట్టినట్టు అక్కడ గడ్డ తయారవుతుంది. కవాట జబ్బు లేనివారిలో ఇలాంటి గడ్డలు పదింట తొమ్మిది ఆ సంచిలోనే పుడతాయి. అది ఊడి రక్తంతో పైకి వెళితే నేరుగా మెదడుకు చేరుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారికి పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లని అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం ఎప్పుడో చూపించింది. ఇలా వచ్చే పక్షవాతం సాధారణంగా పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే గడ్డ పెద్దది, అది మూసేది పెద్ద రక్తనాళం.

నొప్పి లేకపోవడం, ఆయాసం లేకపోవడం మంచిదే. కానీ గడ్డ పుట్టడానికి నొప్పితో పని లేదు. చాలామందిలో ఈ జబ్బు మొదటిసారి బయటపడేది పక్షవాతం వచ్చి ఆసుపత్రికి తెచ్చిన రోజునే. మీ నాన్నగారికి శుక్లం పరీక్షలో బయటపడటం అదృష్టం.

ముప్పు ఎంతో అంచనా వేయడానికి చాడ్స్-వాస్క్ అనే లెక్క వాడతాం. గుండె వైఫల్యానికి 1, బీపీకి 1, షుగరుకు 1, 65 నుంచి 74 ఏళ్ళ మధ్య వయసుకు 1, 75 దాటితే 2, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే 2, రక్తనాళాల జబ్బుకు 1. స్త్రీలకు ఇంకొకటి కలిపేవారు, 2024 యూరప్ మార్గదర్శకాలు దాన్ని తీసేశాయి. మీ నాన్నగారికి బీపీ, షుగరు, వయసు కలిపి 3. వచ్చే పుట్టినరోజుకు 4 అవుతుంది. 2 వచ్చినా గడ్డకట్టడాన్ని ఆపే మందు వేయాలనే చెబుతారు. లెక్కల మాస్టారు కదా, కాగితం మీద వేసి చూపించండి, ఆయనకే అర్థమవుతుంది.

పెన్నా_పెద్దాయన:
డాక్టరుగారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా అన్నయ్యకు 86 ఏళ్ళు. ఇదే జబ్బు, ఎన్నో ఏళ్ళుగా ఆస్పిరిన్ ఒక్కటే వేసుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు. మా వీధిలో ఒకాయన మాత్రం ఇలాంటి మందు వాడుతూనే మెదడులో రక్తస్రావమై పోయారు. ఆ కుటుంబం పడ్డ బాధ నేను దగ్గరుండి చూశాను. గడ్డకట్టే గుణాన్నే ఆపేస్తే రక్తస్రావం కాక ఏమవుతుంది? తేలికపాటి మందుతో సరిపెట్టుకోవడం వివేకం కాదా? ఆ అమ్మాయి ఊరి డాక్టరు చెప్పిన మాటలో నాకు తప్పు కనిపించడం లేదు.

నెల్లూరు_ఫిజీషియన్:
పెద్దాయనగారూ, మీ భయం న్యాయమైనదే. ఆ మందుతో రక్తస్రావం జరగదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మీ మాటలో నేను ఒప్పుకోలేనిది ఒకటే: ఆస్పిరిన్ తేలికపాటి మందు అనడం.

ఆస్పిరిన్ రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. గుండెపోటులో కొవ్వు పేరుకున్న ధమని గోడ చిట్లితే అక్కడ ముందుగా చేరేవి ప్లేట్‌లెట్లే కనుక అక్కడ అది బాగా పనిచేస్తుంది. నిలవ ఉన్న రక్తంలో పుట్టే గడ్డ ఫైబ్రిన్ పోగులతో అల్లుకుంటుంది. దాన్ని ఆపాలంటే గడ్డకట్టే కారకాలను పట్టుకునే మందు కావాలి. వార్ఫరిన్, అసినోకౌమరాల్ ఆ కారకాలు కాలేయంలో తయారు కాకుండా చూస్తాయి. అపిక్సబాన్, రివరాక్సబాన్, ఎడాక్సబాన్ పదో కారకాన్ని, డాబిగాట్రాన్ త్రాంబిన్ అనే మరో కారకాన్ని నేరుగా అడ్డుకుంటాయి.

ఇది పుస్తకంలో మాట మాత్రమే అనుకోకుండా పరీక్షించి చూశారు. 2007లో ఇంగ్లండులో బాఫ్టా అనే పరీక్షలో 75 దాటిన 973 మందిని రెండు వర్గాలు చేసి కొందరికి వార్ఫరిన్, కొందరికి ఆస్పిరిన్ 75 ఇచ్చారు. పెద్ద పక్షవాతం, మెదడులో రక్తస్రావం, ఇతర చోట్ల గడ్డ చేరడం, ఇవన్నీ కలిపి ఏడాదికి వార్ఫరిన్ వర్గంలో 1.8 శాతం, ఆస్పిరిన్ వర్గంలో 3.8 శాతం. అంటే మీరు భయపడే మెదడు రక్తస్రావాన్ని కూడా ఈ లెక్కలో కలిపే చూశారు. మెదడు బయట జరిగే పెద్ద రక్తస్రావాలు రెండు వర్గాల్లో దాదాపు సమానం.

ఇంకో పరీక్ష అచ్చంగా ఈ అమ్మాయి అడిగిన ప్రశ్నకే జవాబు. 2011లో వచ్చిన ఎవరోస్ పరీక్ష. వార్ఫరిన్ పడదని డాక్టర్లు తేల్చిన 5,599 మందికి అపిక్సబాన్ లేదా ఆస్పిరిన్ ఇచ్చారు. పక్షవాతం గానీ శరీరంలో మరోచోట గడ్డ చేరడం గానీ ఆస్పిరిన్‌తో ఏడాదికి 3.7 శాతం, అపిక్సబాన్‌తో 1.6 శాతం. పెద్ద రక్తస్రావాలు ఆస్పిరిన్‌తో 1.2, అపిక్సబాన్‌తో 1.4 శాతం. మెదడు లోపలి రక్తస్రావం అపిక్సబాన్ వర్గంలో 11 మందికి, ఆస్పిరిన్ వర్గంలో 13 మందికి. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందే ఆపేశారు. వెయ్యిమందికి ఏడాదిపాటు ఆస్పిరిన్ బదులు అపిక్సబాన్ ఇస్తే 21 మందికి ఆ ప్రమాదం తప్పుతుంది, ఇద్దరికి పెద్ద రక్తస్రావం ఎక్కువ కావచ్చు. ఆ ఇద్దరిలో మనవాళ్ళు ఉంటే బాధ తక్కువ కాదు. కానీ ఆస్పిరిన్ వేసుకుని ఇంట్లో కూర్చున్నవారు కూడా రక్తస్రావం ముప్పును దాదాపు అంతే మోస్తున్నారు, పక్షవాతం నుంచి మాత్రం రక్షణ అంతగా లేదు. నాకు ఇదే బాధ కలిగిస్తుంది.

వరంగల్_వాసి:
మా ఇంట్లో తెల్లమద్ది బెరడు కషాయం వాడతాం, వెల్లుల్లి కూడా. రక్తం పలచబడుతుందని పెద్దలు చెబుతారు. మందులకన్నా అవి నయం కదా?

నెల్లూరు_ఫిజీషియన్:
ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పక్షవాతాన్ని ఆపుతాయని ఆ రెండింటిలో దేనికీ రుజువు లేదు. కూరలో వెల్లుల్లి హాయిగా తినండి. వెల్లుల్లి, పసుపు సారాన్ని గుళికలుగా చేసి అమ్మేవి మాత్రం ఈ మందులతో కలిపి వేసుకోవద్దు, రక్తస్రావం పెరగవచ్చు.

గుంటూరు_అక్క:
నాది వేరే కథ. నాకు 46 ఏళ్ళు. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి మైట్రల్ కవాటం సన్నబడింది, ఆ తరువాత ఈ లయ తప్పడం మొదలైంది. అసిట్రోమ్, అంటే అసినోకౌమరాల్, వాడుతున్నాను. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష కోసం నెలనెలా సూది పొడిపించుకోవాలి. ఒకసారి 1.6 వస్తుంది, ఇంకోసారి 4 దాటుతుంది. గోంగూర తినవద్దు, పాలకూర తినవద్దు అని చెప్పి నన్ను భోజనానికే భయపడేలా చేశారు. ఈ చర్చ చదివాక నేను కూడా అపిక్సబాన్‌కు మారిపోతే ఈ బాధ తప్పుతుంది కదా అనిపిస్తోంది.

హైదరాబాద్_కార్డియాలజీ:
అమ్మా, దయచేసి మీ అంతట మీరు మారవద్దు. ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న మీరు వేశారు. తెనాలి అమ్మాయి నాన్నగారికి వర్తించే సమాధానం మీకు వర్తించదు.

కొత్త మందులను వార్ఫరిన్‌తో పోల్చిన పెద్ద పరీక్షల్లో, అంటే 2009 రీ-లై, 2011 రాకెట్, అరిస్టాటిల్, 2013 ఎంగేజ్ పరీక్షల్లో, మైట్రల్ కవాటం బాగా సన్నబడినవారిని చేర్చుకోలేదు. పశ్చిమ దేశాల్లో ఈ కవాట జబ్బు ఇప్పుడు చాలా అరుదు. మన దగ్గర అలా కాదు. 46 దేశాల ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగుల వివరాలు సేకరిస్తే రుమాటిక్ గుండె జబ్బు ఉత్తర అమెరికాలో 2.2 శాతం మందిలో ఉంటే భారతదేశంలో 31.5 శాతం మందిలో ఉంది. అక్కడి మార్గదర్శకాలను ఇక్కడ యథాతథంగా వాడితే నష్టపోయేది మీలాంటివారే.

అందుకే 2022లో వచ్చిన ఇన్విక్టస్ పరీక్ష మనకు ఎంతో విలువైనది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని 24 దేశాల్లో, మన దేశం సహా, రుమాటిక్ గుండె జబ్బుతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చిన 4,500 మందికి పైగా రోగులకు రివరాక్సబాన్, లేదా వార్ఫరిన్ వర్గపు పాత మందు ఇచ్చి చూశారు. కొత్త మందే గెలుస్తుందని చాలామందిమి అనుకున్నాం. పాత మందు గెలిచింది. అది వాడినవారిలో మరణాలు తక్కువ, రక్తస్రావం ఎక్కువ కాలేదు. కాబట్టి మైట్రల్ కవాటం ఒక మోస్తరుగా గానీ బాగా గానీ సన్నబడి ఉంటే వార్ఫరిన్ లేదా అసినోకౌమరాల్ వాడటమే ఇప్పటికి సరైనది. లోహపు కవాటం అమర్చినవారికీ అంతే. వారికి డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన పరీక్షను 2013లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, గడ్డలూ ఎక్కువే, రక్తస్రావాలూ ఎక్కువే. ఆస్పిరిన్ ఒక్కటే మీకు అసలు సరిపోదు.

గోంగూర విషయానికి వద్దాం. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు పనిని తగ్గిస్తుంది, నిజమే. అంతమాత్రాన మానేయనవసరం లేదు. వారంవారం తినే మోతాదు ఒకేలా ఉంటే దానికి తగ్గట్టు మందు మోతాదు సరిచేసుకోవచ్చు. కార్తీకమాసమంతా ఆకుకూరలే తిని తరువాత నెలలో ఒక్కసారీ ముట్టకపోతే ఐఎన్ఆర్ ఊగుతుంది. మీ ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాలి. 4 దాటిన నెలలో ఏమైనా యాంటీబయాటిక్ గానీ ఫంగస్ మందు గానీ వాడారేమో గుర్తు చేసుకోండి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్ లాంటివి ఐఎన్ఆర్‌ను అమాంతం పెంచేస్తాయి. విరేచనాలకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళల్లో చాలావరకు మెట్రోనిడజోల్ ఉంటుంది.

గుంటూరు_అక్క:
అవును డాక్టరుగారూ, ఆ నెలలో విరేచనాలకు బిళ్ళలు వాడాను. ఎవరూ ఈ మాట చెప్పలేదు. ఇక ఏ మందు తీసుకున్నా అసిట్రోమ్ వాడుతున్నానని ముందే చెబుతాను.

లెస్టర్_ఫార్మసిస్ట్:
ఇంగ్లండులో మందుల సమీక్ష నా ఉద్యోగం. ఇక్కడ వైద్య మార్గదర్శకాలు రూపొందించే ప్రభుత్వ సంస్థ నైస్ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పక్షవాత నివారణ కోసం ఆస్పిరిన్ ఒక్కటే ఇవ్వవద్దని చెప్పేశాయి. అమెరికా 2023 మార్గదర్శకాలు, యూరప్ 2024 మార్గదర్శకాలు కూడా అదే మాట. కాబట్టి గుంటూరు డాక్టరుగారు రాసింది కొత్త ప్రయోగమేమీ కాదు.

తెనాలి_అమ్మాయిగారూ, మీ పోస్టులో నా కళ్ళు ఆగింది నాన్నగారి బరువు దగ్గర. 58 కిలోలు చూసి ఎవరైనా 2.5 మి.గ్రా. చాలు అనవచ్చు. అపిక్సబాన్ మోతాదు సగానికి తగ్గించాలంటే మూడింటిలో రెండు ఉండాలి: వయసు 80 గానీ ఆ పైన గానీ, బరువు 60 కిలోలు గానీ ఆ లోపు గానీ, క్రియాటినిన్ 1.5 గానీ ఆ పైన గానీ. నాన్నగారికి ఉన్నది బరువు ఒక్కటే. అందుకే 5 మి.గ్రా. రెండు పూటలా. భయంతో మోతాదు తగ్గించి వేసుకునేవారిని నేను తరచూ చూస్తాను, మందు వేసుకుంటున్నామన్న ధైర్యం ఉంటుంది గానీ పక్షవాతం నుంచి తగిన రక్షణ ఉండదు.

పడిపోవడం గురించి కూడా ఒక లెక్క ఉంది. 1999లో కెనడా పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం, వార్ఫరిన్ వాడే వృద్ధుడికి పడటం వల్ల మెదడు పొరల కింద రక్తస్రావమయ్యే ముప్పు ఆ మందు ఇచ్చే లాభాన్ని మించాలంటే ఆయన ఏడాదిలో దాదాపు 295 సార్లు పడాలి. అది లెక్కగట్టిన అంచనాయే, అయినా పడతారేమో అన్న ఒక్క కారణంతో మందు ఆపేయడం ఎంత తొందరపాటో చెబుతుంది. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి, జారే చాపలు తీసేయండి, రాత్రి లేచేటప్పుడు దీపం వెలిగేలా చూడండి. కంటి ఆపరేషన్ కూడా పడిపోవడాన్ని తగ్గిస్తుంది.

ఒంగోలు_మెడికల్స్:
నేను మందుల దుకాణం నడుపుతాను. కౌంటరు దగ్గర రోజూ చూసేది చెబుతాను.

ఇదివరకు ఈ మందుల ధర విని జనం వెనక్కి తిరిగేవారు. రివరాక్సబాన్‌కు 2020 డిసెంబరులో, అపిక్సబాన్‌కు 2022 సెప్టెంబరులో మన దేశంలో పేటెంటు ముగిశాక ఎన్నో కంపెనీలు తయారు చేస్తున్నాయి, ధర బాగా దిగింది. జన ఔషధి కేంద్రంలో కూడా అడిగి చూడండి. ధర ఎక్కువని డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడవద్దు, వేరే కంపెనీది రాస్తారు.

నాకు కలవరం కలిగించేది మధ్యలో ఆపేసేవారు. నెలాఖరున డబ్బు లేక నాలుగు రోజులు వేసుకోరు. అపిక్సబాన్ పని ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు పోతుంది. ఆ రోజుల్లో రక్షణ లేనట్టే. రెండోది నొప్పుల బిళ్ళలు. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ చీటీ లేకుండా అడుగుతారు. ఈ మందులు వాడేవారికి అవి కడుపులో రక్తస్రావం తెచ్చిపెడతాయి. నేను మందుల చీటీ చూడకుండా అవి ఇవ్వను. కొందరు కోప్పడి పక్క దుకాణానికి వెళతారు, అయినా ఇవ్వను. పారాసెటమాల్ తీసుకెళ్ళమంటాను.

విశాఖ_ఇంజినీర్:
నాకు 67. మూడేళ్ళ క్రితం స్టెంటు వేశారు. ఇప్పుడు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా వచ్చింది. ఆస్పిరిన్, రివరాక్సబాన్ రెండూ వేసుకోమన్నారు. స్టెంటు ఉంది కనుక ఆస్పిరిన్ జీవితాంతం తప్పదని ఇదివరకు చెప్పారు. రెండూ కలిస్తే ప్రమాదం కాదా?

హైదరాబాద్_కార్డియాలజీ:
మీ డాక్టరును తప్పక అడగవలసిన ప్రశ్న ఇది. స్టెంటు వేసి ఏడాది దాటి, మధ్యలో ఏ ఇబ్బందీ లేకపోతే ఎక్కువమందికి గడ్డకట్టడాన్ని ఆపే మందు ఒక్కటే చాలు. జపానులో అఫైర్ అనే పరీక్షలో 2,236 మందిలో రివరాక్సబాన్ ఒక్కటే వాడినవారిని, దానితో ఆస్పిరిన్ లాంటిది కలిపి వాడినవారిని పోల్చారు. 2019లో ఫలితాలు వచ్చాయి. కలిపి వాడినవారిలో రక్తస్రావాలే గాక మరణాలు కూడా ఎక్కువ కావడంతో ముందే ఆపేశారు. స్టెంటు కొత్తగా వేసిన రోజుల్లో మాత్రం లెక్క వేరు. అప్పుడు కొంతకాలం ఆస్పిరిన్‌లాగే ప్లేట్‌లెట్ల మీద పనిచేసే క్లోపిడోగ్రెల్ జతచేస్తారు, ఆస్పిరిన్‌ను త్వరగా తీసేస్తారు. 4,614 మందితో చేసిన అగస్టస్ పరీక్ష ఆ మార్గం చూపింది. మీ స్టెంటు ఎక్కడ వేశారు, ఎన్ని వేశారు అన్నదాన్ని బట్టి మీ డాక్టరు వేరేగా ఆలోచించి ఉండవచ్చు, అందుకే అడిగి తెలుసుకోండి. ఇంకొకటి, రివరాక్సబాన్ 20 మి.గ్రా. కడుపునిండా భోజనంతోనే వేసుకోవాలి. ఖాళీ కడుపున వేస్తే సరిగా ఒంటికి ఎక్కదు. రాత్రి టిఫిను తేలికగా చేసే అలవాటుంటే మధ్యాహ్న భోజనంతో వేసుకోవచ్చా అని అడగండి.

పెన్నా_పెద్దాయన:
అంకెలు చదివాను, కొట్టిపారేయలేను. అయినా ఒకటి అడగాలి. ఆస్పిరిన్ ఇంత పనికిరానిదైతే ఇన్నేళ్ళు ఇంతమంది పెద్ద డాక్టర్లు ఎందుకు రాశారు? రేపు ఈ కొత్త మందు గురించి కూడా ఇలాగే అంటే మా గతేమిటి? 86 ఏళ్ళ మనిషికి ఈ పరీక్షల ఫలితాలు వర్తిస్తాయా?

నెల్లూరు_ఫిజీషియన్:
రాయడానికి అప్పట్లో ఆధారం ఉంది. 1991లో స్పాఫ్ పరీక్షలో ఆస్పిరిన్ 325 మి.గ్రా. పక్షవాతాన్ని 42 శాతం తగ్గించినట్టు కనిపించింది. వార్ఫరిన్‌కు నెలనెలా రక్తపరీక్ష కావాలి, మన పల్లెల్లో అప్పుడు ఆ వసతి ఎక్కడ? ఇప్పటికీ మన దేశంలో వార్ఫరిన్ వాడేవారికి ఐఎన్ఆర్ సరైన హద్దులో ఉండేది సగం కాలం కూడా కాదు. ఆ పరిస్థితిలో పల్లెలో కూర్చున్న డాక్టరు ఆస్పిరిన్ రాశారంటే ఆయనను తప్పుపట్టలేను. తెనాలి డాక్టరుగారు కూడా ఆ అనుభవంతోనే మాట్లాడి ఉంటారు.

కానీ స్పాఫ్‌లో 75 దాటినవారికి ఆ లాభం కనిపించలేదు. తరువాత పరీక్షల్లో అంత లాభం మళ్ళీ రాలేదు. అన్నీ కలిపి 2007లో లెక్కేస్తే వార్ఫరిన్ పక్షవాతాన్ని 64 శాతం తగ్గిస్తే ఆస్పిరిన్ లాంటి మందులు 22 శాతమే తగ్గించాయి. 2006లో జపానులో ముప్పు తక్కువగా ఉన్న 871 మందికి ఆస్పిరిన్ ఇచ్చి చూస్తే ఏమీ ఇవ్వనివారికన్నా మేలేమీ కనబడలేదు.

కొత్త మందులు కూడా అందరికీ అన్నివేళలా మేలని నేను అనను. ఇన్విక్టస్ గురించి పైన చదివారు. 2023లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఫ్రెయిల్-ఏఎఫ్ పరీక్ష మీ అన్నయ్య వయసువారి గురించే. 75 దాటి, బాగా బలహీనపడి, వార్ఫరిన్ వర్గపు పాత మందు మీద ఉన్నవారిని కొత్త మందులకు మార్చితే రక్తస్రావాలు 9.4 నుంచి 15.3 శాతానికి పెరిగాయి. అంటే పాత మందు పడుతున్న బలహీనులైన పెద్దలను ఊరికే కదపవద్దు. అయితే ఆ పరీక్ష ఆస్పిరిన్‌కు సాక్ష్యం కాదు. జపానులో 80 దాటి, మామూలు మోతాదు తట్టుకోలేరనుకున్న 984 మందికి ఎడాక్సబాన్ 15 మి.గ్రా. అతి తక్కువ మోతాదులో ఇస్తే పక్షవాతం ఏడాదికి 6.7 నుంచి 2.3 శాతానికి దిగింది. రక్తస్రావం కొంత పెరిగింది. వయసు పెరిగేకొద్దీ రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, పక్షవాతం ముప్పు అంతకన్నా వేగంగా పెరుగుతుంది. 86 ఏళ్ళు అన్నది మందు ఇవ్వకపోవడానికి కారణం కాదు, మరింత జాగ్రత్తగా ఎంచడానికి కారణం.

తెనాలి_అమ్మాయి:
అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. చాడ్స్-వాస్క్ లెక్క ఆయనే వేసుకున్నారు. ఎవరోస్ అంకెలు రెండుసార్లు చదివించుకున్నారు. మందు మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు, సోమవారం గుంటూరు వెళుతున్నాం. మా ఊరి డాక్టరుగారికి కూడా ఫోను చేశాను. కోప్పడతారని భయపడ్డాను గానీ కవాటాలు బాగున్నాయని ఎకోలో ఉందా అని అడిగి, ఉందంటే సరే అన్నారు. అయితే కడుపులో మంట ఉందేమో చూసుకోమన్నారు.

నాన్నగారి ప్రశ్నలు రెండు మిగిలాయి. లయ మళ్ళీ మామూలైతే మందు ఆపవచ్చా? కంటి ఆపరేషన్‌కు ముందు ఎన్ని రోజులు ఆపాలి?

హైదరాబాద్_కార్డియాలజీ:
లయ వచ్చి పోతూ ఉన్నా పక్షవాతం ముప్పు ఉంటుంది. మందు కొనసాగాలా అన్నది లయను బట్టి కాదు, ఆ 3 మార్కులను బట్టి. బీపీ, షుగరు, వయసు ఎక్కడికీ పోవు కనుక మందు కూడా కొనసాగుతుంది. షాకుతో లయ సరిచేసినా, గుండెలో లయ తప్పించే చోట్లను కాల్చే అబ్లేషన్ చేసినా ఇదే లెక్క.

చుక్కల మందుతో మత్తిచ్చి చేసే శుక్లం ఆపరేషన్‌కు సాధారణంగా ఈ మందు ఆపనవసరం లేదు. కంటి చుట్టూ సూదితో మత్తిచ్చేటట్టయితే కంటి డాక్టరు, గుండె డాక్టరు మాట్లాడుకుని నిర్ణయించాలి. కంటి ఆసుపత్రిలో ఎవరో ఆపమన్నారని అయిదారు రోజులు ఆపవద్దు. పన్ను తీయించుకునేటప్పుడు కూడా ఇంతే.

కడుపు మంట గురించి మీ ఊరి డాక్టరుగారు అడిగింది చాలా మంచి ప్రశ్న. మలం తారులా నల్లగా వస్తుందేమో అడగండి. మందు మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, కాలేయ పరీక్ష చేయించండి. 75 దాటాక క్రియాటినిన్ ఆరు నెలలకోసారి చూడాలి. బీపీ అదుపులో ఉంటే మెదడు రక్తస్రావం ముప్పు తగ్గుతుంది, ఇది అందరూ మరిచిపోయే మాట. క్షయకు రిఫాంపిసిన్ గానీ, మూర్ఛకు ఫెనిటాయిన్ గానీ ఎప్పుడైనా మొదలుపెడితే అపిక్సబాన్ పని తగ్గిపోతుంది, వెంటనే చెప్పండి.

లెస్టర్_ఫార్మసిస్ట్:
ఒక చిన్న కాగితం మీద మందు పేరు, మోతాదు, ఎందుకు వాడుతున్నారో రాసి నాన్నగారి జేబులో పెట్టండి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా 108కు ఫోను చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళండి. అక్కడ మొదట చెప్పవలసిన మాట చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు అన్నదే. గడ్డ కరిగించే సూది ఇవ్వవచ్చా లేదా అన్నది దాని మీద ఆధారపడుతుంది.

పెన్నా_పెద్దాయన:
మా అన్నయ్యకు ఎప్పుడో ఈసీజీ తీశారు గానీ ఎకో తీసినట్టు గుర్తు లేదు. క్రియాటినిన్ కూడా ఈ మధ్య చూడలేదు. గుండె డాక్టరు దగ్గరకు తీసుకెళదామనుకుంటున్నాను. వెళ్ళేముందు ఏవేవి చేయించాలి?

నెల్లూరు_ఫిజీషియన్:
ఎకోలో మైట్రల్ కవాటం సన్నబడిందా లేదా అన్నది స్పష్టంగా రాయమనండి, మందు ఎంపిక అక్కడి నుంచే మొదలవుతుంది. క్రియాటినిన్, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు చేయించండి. బరువు ఇంట్లో అంచనా వేయకుండా తూచి రాసుకోండి, ఆయన 80 దాటారు కనుక అపిక్సబాన్ అయితే మోతాదు దానిమీద మారవచ్చు. వాడుతున్న మందులన్నీ, నొప్పుల బిళ్ళలు, కషాయాలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. ఆస్పిరిన్ మాత్రం డాక్టరు చూసేదాకా మీ అంతట మీరు ఆపవద్దు.